ఏకసంథాగ్రాహి: రిమోటుకు కంప్యూటరుతో చదువు చెప్పుట

(షాదీపూర్‌లో జరిగిన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కావ్యములను గూర్చియు, నాటకములను గూర్చియు ప్రసంగములు వినుటకు అలవాటుపడిన యీ సభలో రిమోటును గూర్చి మాటలాడుటకు నేను పూనుకొనుట కొందరికి వింతగా తోచవచ్చును. ఐనను మన యిండ్లలో దీనివలె దినమునకు పదిమారులు వెదకబడు వస్తువు మరియొకటి లేదు. అది కనబడనినాడు పిల్లలకును పెద్దలకును ఏకకాలమున కోపము వచ్చుట మనమెరిగినదే. అట్టి వస్తువునకు కంప్యూటరు సాయముతో చదువు చెప్పుట యెట్లు, ఆ చదువు పోకుండ దాచుకొనుట యెట్లు అను రెండు సంగతులను మాత్రమే నేడు మనవి చేయుదును.

ముందుగా ఈ విషయము మన దీవులలో ఎందుకు ముఖ్యమో చెప్పవలెను. పోర్ట్‌బ్లెయిర్ అను పేర మనమెరిగిన యీ నగరమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని కేంద్ర ప్రభుత్వము పేరు మార్చినది. పేరు మారినను దూరము మారలేదు. చెన్నపట్టణమునకుగాని, విశాఖపట్టణమునకుగాని మనకు నడుమ సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము ఉన్నది. ఇచ్చట ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. వాన లేనినాడును గాలిలో తేమయు ఉప్పును ఉండనే యుండును. ఇట్టి గాలికి టి.వి. కంటెను ఎ.సి. కంటెను ముందుగా లొంగునది వాని రిమోటు. బ్యాటరీ స్ప్రింగులకు పచ్చని చిలుము పట్టును. రబ్బరు మీటల అడుగుననుండు నల్లని కార్బను పూత అరిగిపోవును. యంత్రము నిక్షేపముగా నుండును. దానికి ఆజ్ఞ యిచ్చునది మాత్రము లేకపోవును. ఆ నమూనా రిమోటు మన బజారులో దొరకనిచో ఓడకో విమానమునకో ఎదురుచూడవలెను. ఆ నమూనాయే తయారగుట మానినచో ఎదురుచూచుటయు వ్యర్థమే.

ఏనుగునిచ్చి అంకుశమునకు తగవులాడినట్లు అని మనవారు సామెత చెప్పుదురు. మన యిండ్లలో జరుగుచున్నది అంతకంటె వింత. అంకుశము విరిగినదని ఏనుగునే పారవేయుచున్నాము. చిన్న దీవిలో పారవేసిన టి.వి. ఎక్కడికిని పోదు, మన మధ్యనే పడియుండును. కావున అంకుశమును మనమే చేసికొనుట నేర్చుకొనవలెను.

అందుకు మొదట రిమోటు మాటలాడు భాష తెలియవలెను. అది వెలుగు భాష. రిమోటు ముందరి కొసనున్న చిన్న ఎల్.ఇ.డి. దీపము సుమారు 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల పరారుణ కాంతిని వెదజల్లును. ఆ కాంతి మన కంటికి కనబడదు గాని, చాల సెల్‌ఫోను కెమెరాలకు కనబడును. రిమోటును కెమెరాకు ఎదురుగా పట్టి మీట నొక్కినప్పుడు ఫోను తెరపై దీపము మినుకుమినుకుమనినచో రిమోటు బ్రదికియున్నదని అర్థము. ఎండయందును, ఇంటి దీపములయందును కొంత పరారుణ కాంతి ఉండును. తన మాటను దానినుండి వేరుపరచుటకై రిమోటు తన దీపమును సెకనుకు సుమారు 38,000 మారులు వెలిగించి ఆర్పును. సోనీ కంపెనీ పద్ధతిలో ఇది 40,000. ఫిలిప్స్ కంపెనీవారి ఆర్.సి.-5 పద్ధతిలో 36,000. ఈ మినుకులు కొంతసేపు వచ్చి, కొంతసేపు ఆగి, మరల వచ్చుచుండుటయే ఆ భాషలోని అక్షరములు.

ఒక్క ఉదాహరణము చెప్పెదను. జపానుదేశపు ఎన్.ఇ.సి. కంపెనీ ఏర్పరచిన పద్ధతి విరివిగా వాడుకలోనున్నది. అందు మొదట 9 మిల్లీసెకన్ల వెలుగు, పిదప 4.5 మిల్లీసెకన్ల మౌనము. ఇది "ఓయీ, వినుము" అని పిలుచుట వంటిది. తరువాత 32 అక్షరములు వచ్చును. సున్న యైనచో 1.125 మిల్లీసెకన్లు, ఒకటి యైనచో 2.25 మిల్లీసెకన్లు పట్టును. మొదటి యెనిమిది అక్షరములు యంత్రము చిరునామా. తరువాతి యెనిమిది ఆ చిరునామాయే తలక్రిందులుగా, అనగా సున్న ఉన్నచోట ఒకటి, ఒకటి ఉన్నచోట సున్న. మూడవ యెనిమిది ఆజ్ఞ. నాలుగవ యెనిమిది ఆ ఆజ్ఞయే తలక్రిందులుగా. ఈ రెంటిని సరిపోల్చి, పొత్తు కుదిరినప్పుడే టి.వి. ఆజ్ఞను పాలించును. మన వేదపండితులు అక్షరము జారిపోకుండుటకై ఘనపాఠమునందు పదములను ముందువెనుకలుగా త్రిప్పి వల్లించుదురు గదా. ఉద్దేశమొక్కటే. ఈ తతంగమంతయు సుమారు 68 మిల్లీసెకన్లలో ముగియును. రెప్పపాటుకంటె తక్కువ కాలము.

ఈ విద్యకు చరిత్ర కలదు. అమెరికాలోని జెనిత్ కంపెనీయందు 1955లో యూజీన్ పోలీ అను ఇంజనీరు కాంతికిరణముతో టి.వి.ని నడపు సాధనమును తయారుచేసెను. అయితే టి.వి.పై ఎండ పడినప్పుడు అది తనంత తానే మారుచుండెడిదట. 1956లో అదే కంపెనీయందు రాబర్ట్ ఆడ్లర్ మరియొక ఉపాయము పన్నెను. మీట నొక్కగానే చిన్న సుత్తి ఒకటి అల్యూమినియము కడ్డీని కొట్టును. చెవికి వినబడని ఆ ధ్వనిని టి.వి. ఆలకించును. దానికి బ్యాటరీయే అక్కరలేదు. పరారుణ కాంతి రిమోటులు ఆ తరువాత వచ్చినవి. మన హైదరాబాదున 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన ఇ.సి. టి.వి.లను ఎరిగిన పెద్దలు ఈ సభలో ఉందురు. ఆ రోజులలో ఇంటిలోని చిన్నపిల్లవాడే రిమోటు. లేచి పోయి మీట త్రిప్పి వచ్చుట వాని వంతు.

ఇక అన్ని యంత్రములకు ఒకటే రిమోటు అను ఆలోచన. ఇందు రెండు తెగలు గలవు. మొదటి తెగ రిమోటులో అనేక కంపెనీల సంకేతములు ముందుగనే నింపబడియుండును. పట్టికలోని అంకెను నొక్కి మన టి.వి.కి తగినదానిని ఎన్నుకొనవలెను. పట్టికలో లేని యంత్రమునకు అది పనికిరాదు. రెండవది నేర్చుకొను రిమోటు. పాత రిమోటును దాని ముఖమునకు ఎదురుగా ఉంచి ఒక మీట నొక్కినచో, ఆ వెలుగులను ఆలకించి, కాలములను కొలిచి, జ్ఞాపకముంచుకొని, పిమ్మట మనము అడిగినప్పుడు పొల్లుపోకుండ అప్పగించును. ఒక్కమారు విన్నంతనే ధారణ చేయువానిని మనవారు ఏకసంథాగ్రాహి యనిరి. ఈ రిమోటు అట్టిదే. అయితే దానికి అర్థజ్ఞానము లేదు. వల్లించుట మాత్రమే ఎరుగును.

ఇందుండి మొదటి నీతి వచ్చుచున్నది. ఏకసంథాగ్రాహి యైనను వినుటకు గురువు ఉండవలెను. పాత రిమోటు బ్రదికియున్నప్పుడే పాఠము చెప్పించుకొనవలెను. అది చచ్చిన పిమ్మట కొత్తదానిని కొని తెచ్చినను దానికి నేర్పువారు లేరు. రిమోటు మీటలు మొరాయించుట మొదలిడిన దినమే పాఠము చెప్పించు దినము.

రెండవ నీతి యింకను ముఖ్యమైనది. నోటి పాఠము ఒక్కరియందే ఉన్నచో అతనితోనే పోవును. నేర్చిన రిమోటు నీటిలో పడినచో, పిల్లల చేత విరిగినచో, చదువంతయు నీటిపాలు. అందుచేత పాఠమును వ్రాసి పెట్టుకొనవలెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 19వ శతాబ్దమున జీర్ణించుచున్న మన తాళపత్ర ప్రతులను సేకరించి, పండితుల చేత కాగితముపై ప్రతులు వ్రాయించి, పాఠాంతరములను సరిచూపించిన సంగతి మీరెరుగుదురు. రిమోటు విషయమున కంప్యూటరు చేయు ఉపకారము సరిగా ఇదియే. అది పాఠమును వ్రాసి ఉంచును. ఒక ప్రతిని మరియొక ప్రతితో సరిచూచును. కావలసినప్పుడు కొత్త శిష్యునకు మరల చెప్పును.

కంప్యూటరుతో రిమోటును నడపు ప్రయత్నము కొత్తది కాదు. ఆపిల్ కంప్యూటరును నిర్మించిన స్టీవ్ వోజ్నియాక్ స్థాపించిన సి.ఎల్.-9 అను కంపెనీ 1987లో "కోర్" అను నేర్చుకొను రిమోటును విడుదల చేసినది. దానిని కంప్యూటరుకు తీగతో తగిలించుటకు వీలుండెను. ఆ సంవత్సరమే మార్చి నెల "బైట్" పత్రికలో స్టీవ్ సియార్సియా అట్టి సాధనమును ఇంటిలోనే నిర్మించుకొను విధమును ప్రచురించెను. ఆ పిమ్మట యూనివర్సల్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ రిమోటులు కొన్నిటిలో బ్యాటరీల అరయందు ఆరు సూదుల సంధి ఒకటి ఉండుటను ఔత్సాహికులు గమనించి, దానిద్వారా రిమోటు జ్ఞాపకమును కంప్యూటరుపై చదువుటయు, దిద్దుటయు సాధించిరి.

ఫిలిప్స్‌వారి "ప్రొంటో" రిమోటు 1998లో వచ్చినది. దానితో వచ్చిన వ్రాత పద్ధతి నేటికిని అభ్యాసకులకు ఉమ్మడి లిపి వలె ఉపయోగపడుచున్నది. అందు ప్రతి సంకేతమును వరుస సంఖ్యలుగా వ్రాయుదురు. రెండవ సంఖ్య మినుకుల వేగమును తెలుపును. అది 109 అయినచో, దానిని 0.241246 చేత గుణించిన సుమారు 26.3 మైక్రోసెకన్లు వచ్చును. ఒక్క మినుకునకు పట్టు కాలమది. అనగా సెకనుకు 38,000 మినుకులు. పిదప వచ్చు జంటలు వెలుగును మౌనమును మినుకుల లెక్కతో చెప్పును. నేను చెప్పిన ఎన్.ఇ.సి. పద్ధతిలో 21, 21 అను జంట సున్న. 21, 64 అను జంట ఒకటి. ఒక మీటకు సుమారు డెబ్బదియైదు సంఖ్యలు చాలును. ఒక పోస్టుకార్డుపై పట్టును. ఇందు గూఢమేమియు లేదు. లెక్కలు వచ్చిన ఎనిమిదవ తరగతి పిల్లవాడు చదువగలడు.

ఇక పని చేయు క్రమము. మొదట ఇంటిలోని యంత్రముల పట్టిక వ్రాసికొని, ఒక్కొక్కదానికి నిజముగా వాడు మీటలు ఎన్నియో గుర్తించవలెను. నలుబది మీటల రిమోటులో మనము వాడునవి పదికి మించవు. తరువాత పాఠము గ్రహించుట. కంప్యూటరుకు తగిలించు నేర్చుకొను రిమోటు ఉన్నచో సరే. లేనిచో మూడు కాళ్ళ పరారుణ గ్రాహకము నొకదానిని, ఆర్డుయినో వంటి చిన్న బోర్డును యు.ఎస్.బి. తీగతో కంప్యూటరుకు కలిపినను చాలును. కెన్ షరిఫ్ 2009లో విడుదల చేసిన ఉచిత ప్రోగ్రాము ఇందుకు మంచి ఆధారము. ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. ఆ మూడు కాళ్ళ గ్రాహకము మినుకులను తుడిచివేసి, వెలుగు మౌనముల కాలములను మాత్రమే అప్పగించును. కావున మినుకుల వేగమును మనమే చెప్పవలసియుండును. 38,000తో యంత్రము పలుకనిచో 36,000, 40,000 ప్రయత్నించవలెను.

పాఠము చెప్పించునప్పుడు కిటికీ తలుపులు మూసి, ఎండ పడకుండ చూచి, రెండు రిమోటులను నాలుగైదు సెంటీమీటర్ల ఎడమున ఎదురెదురుగా బల్లపై ఉంచవలెను. పాత రిమోటులో కొత్త బ్యాటరీలు వేయవలెను. ప్రతి మీటను మూడుమారులు చదివించి మూడు ప్రతులను సరిచూడవలెను. రెండు ఏకీభవించి మూడవది వేరైనచో ఏది శుద్ధపాఠమో తెలిసిపోవును. తరువాత ప్రతి సంకేతమునకు తెలుగులోనే పేరుపెట్టి భద్రపరుపుడు. "హాలు టి.వి., శబ్దము పెంచుట" అని వ్రాసిన ఫైలు పది సంవత్సరముల తరువాతను అర్థమగును. ఆ ఫైలును కంప్యూటరులో ఒక ప్రతి, పెన్‌డ్రైవులో ఒక ప్రతి, కాగితముపై ఒక ప్రతి ఉంచవలెను. మన తేమలో కాగితమునకు ప్లాస్టిక్ తొడుగు అవసరము.

కొన్ని చిక్కులు చెప్పనిదే ప్రసంగము పూర్తికాదు. ఎ.సి. రిమోటు టి.వి. రిమోటు వంటిది కాదు. అది "ఒక డిగ్రీ తగ్గించు" అని చెప్పదు. "చల్లదనము, 24 డిగ్రీలు, పంకా మధ్యమ వేగము, పని ప్రారంభింపుము" అని ప్రతి మారును మొత్తము స్థితిని చెప్పును. అందుచే దాని సంకేతము దీర్ఘము. జ్ఞాపకశక్తి తక్కువగల రిమోటులు దానిని సగమే నేర్చుకొనును. అన్ని ఉష్ణోగ్రతలకును పాఠము చెప్పబూనక, మన యింటికి కావలసిన రెండు మూడు స్థితులను, ఆర్పుటను మాత్రమే నేర్పినచో సుఖము. ఆర్.సి.-5 పద్ధతిలో మీటను వదలి మరల నొక్కిన ప్రతిసారి ఒక అక్షరము మారును. వల్లించుటయే ఎరిగిన రిమోటు దానిని మార్చక ఒకే తీరున చెప్పుటచే, రెండవమారు నొక్కినను టి.వి. దానిని మొదటి నొక్కుడే యనుకొనును. ఇట్టిచోట కంప్యూటరు ఆ అక్షరమును మార్చి రెండు పాఠములు వ్రాసి, ఒకదాని వెంట ఒకటి పంపునట్లు చేయగలదు. ఇక బ్లూటూతుతో పనిచేయు రిమోటులు వెలుగు భాష మాటలాడవు. వానికి ఈ విద్య వర్తింపదు.

మరి ఇంటర్నెట్టు ద్వారా కంపెనీవారే ఇదంతయు చేసిపెట్టరా యని మీరడుగవచ్చును. చేసిరి. కెనడాలోని ఇంట్రిగ్ టెక్నాలజీస్ నిర్మించిన హార్మొనీ రిమోటు అట్టిది; ఆ కంపెనీని 2004లో లాజిటెక్ కొనినది. యంత్రముల పేర్లు వెబ్‌సైటులో చెప్పినచో సంకేతములు అచ్చటినుండి రిమోటులోనికి దిగును. మన దీవులకు చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. అంతకుముందు ఉపగ్రహమునే నమ్ముకొన్న మన ఇంటర్నెట్టుతో అట్టి పని ఎంత ప్రయాసయో మనకు తెలియును. ఆ ప్రయాస నేడు తగ్గినది. ఐనను 2021 ఏప్రిలులో లాజిటెక్ ఆ రిమోటుల తయారీని నిలిపివేసినట్లు ప్రకటించినది. ఉన్నవారికి సేవ సాగింతుమని చెప్పినది, నిజమే. కాని మన యింటి తాళము పరుల బీరువాలో ఉన్నంతకాలము వారి దయ, మన ప్రాప్తము. ఫైలు మన చేతిలోనున్నచో ఆ చింత లేదు.

ఇదంతయు యంత్రముల మాట. మనుష్యుల మాట ఒకటి చెప్పెదను. ఇచ్చట షాదీపూర్‌లోనే ఒక యింట శ్రీకాకుళము నుండి వచ్చిన వృద్ధురాలు ఉన్నారు. కుమారుడు ఉద్యోగరీత్యా కారు నికోబారుకో, కాంబెల్ బేకో పోయినప్పుడు పగలంతయు ఆమెకు తోడు తెలుగు టి.వి.యే. టి.వి.కి ఒక రిమోటు, సెట్ టాప్ బాక్సుకు ఒకటి, ఎ.సి.కి ఒకటి. మూటిపైనను ఉన్నవి ఇంగ్లీషు అక్షరములే. ఒక్క తప్పు మీట నొక్కినచో తెర నీలమై, కోడలు ఆఫీసునుండి వచ్చువరకు ఆమె ఆ నీలమును చూచుచు కూర్చుండెడివారు. "బాబూ, మూడు డబ్బాలు నాకెందుకు? ఒక్కటి చాలదా?" అని ఆమె అడిగిరి. ఆమెకై కుమారుడు నేర్చుకొను రిమోటు నొకదానిని కంప్యూటరుకు తగిలించి ఆరు మీటలు మాత్రమే పనిచేయునట్లు అమర్చెను. పచ్చ చీటీ అంటించిన మీట నొక్కినచో మొదట టి.వి. వెలుగును, పది సెకన్ల తరువాత బాక్సు మేల్కొనును, పిదప ఆమె చూచు ఛానెలు వచ్చును. తక్కిన మీటలు రెండు శబ్దమునకు, రెండు ఛానెళ్ళకు, ఒకటి అన్నిటిని ఆర్పుటకు.

ఈ అమరికలో ఒక మెలకువ కలదు. సామాన్యముగా వెలిగించుటకును ఆర్పుటకును ఒకటే మీట. టి.వి. అప్పటికే వెలుగుచున్నచో ఆ సంకేతము దానిని ఆర్పివేయును. కొన్ని యంత్రములకు వెలుగుటకు వేరు, ఆరుటకు వేరు సంకేతములు ఉన్నను, వానితో వచ్చిన రిమోటుపై ఆ మీటలు ఉండవు. ఔత్సాహికులు కూర్చి ఉచితముగా ఉంచిన సంకేత భాండారములలో వెదకినచో అవి కొన్నిమారులు దొరకును. కుమారుడు అట్లే వెదకి, ఆ రెండు సంకేతములను వేరువేరుగా వ్రాసి పెట్టెను. రిమోటు చచ్చినవారికిని ఈ భాండారములే శరణ్యము. యంత్రము నమూనా సంఖ్యతో వెదకవలెను. ఇపుడా తల్లి ఎవరిని పిలువక తన యిచ్చ వచ్చినప్పుడు టి.వి. చూచుచున్నారు. వార్ధక్యమున మనుష్యుడు కోరునది సౌఖ్యము కంటెను స్వాతంత్ర్యము. ఆరు మీటలతో కొంత స్వాతంత్ర్యము ఇయ్యగలిగినచో అది అల్పకార్యము కాదు.

సోదరులారా, మనము బదిలీల ఉద్యోగులము. నేడు ఇచ్చట, రేపు మరియొకచోట. పోవునప్పుడు ఎ.సి.నో, టి.వి.నో తరువాత వచ్చువారికి అప్పగించి పోవుట మనలో వాడుక. యంత్రముతోపాటు దాని సంకేతముల ఫైలును కూడ అప్పగించు వాడుక పెట్టుకొందుము. మన సంఘ గ్రంథాలయమున ఒక బీరువా అరను, ఒక కంప్యూటరు ఫోల్డరును దీనికై కేటాయింపవలెనని నా మనవి. సభ్యులు తమ యిండ్లలోని రిమోటుల పాఠములను, అవి పనిచేయుచున్నప్పుడే, నమూనా పేరుతో అందుంచినచో, ఎవరి అంకుశము విరిగినను ఏనుగును అమ్ముకొను అవసరము ఉండదు. సెలవులలో మన పిల్లలు ఈ పనికి పూనుకొనినచో విద్యయు వచ్చును, పెద్దల ఆశీస్సులును వచ్చును.

ఈ రాత్రి ఇంటికి పోయి మీ రిమోటుల బ్యాటరీ మూతలు తీసి చూడుడు. చిలుము పట్టినచో తుడువుడు. మీటలు మొరాయించుచున్నచో రేపటికి వాయిదా వేయక పాఠము చెప్పించుకొనుడు.